పైపు ఢామ్మంటే గోడ పగలగొట్టకండి, ముందు టైము చూడండి

మా ఇల్లు ఒడిశాలోని పర్లాకిమిడిలో. డాబా ఇల్లు, పైన వెయ్యి లీటర్ల ట్యాంకు, పెరట్లో బోరు. రెండేళ్ల కిందట ఒకే నెలలో మూడు పనులు పెట్టుకున్నాం. ట్యాంకు కింద ప్రెషర్ పంపు బిగించాం. పాత తిప్పుడు కొళాయిలు తీసేసి, ఇలా అంటే అలా కట్టేసే పావు తిప్పు కొళాయిలు వేయించాం. ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ కొన్నాం. ఆ వారం నుంచే గోడలో ఎవరో సుత్తితో కొడుతున్నట్టు ఢాం, ఢాం.

పిలిచిన మేస్త్రి గోడకి చెవి ఆనించి ఒడియాలో "పొబొనొ పొసిఛి" అన్నాడు. గాలి దూరిందని. రెండు టైల్స్ పగలగొట్టాడు, పైపు చూశాడు, మళ్లీ సిమెంటు పూసి డబ్బులు తీసుకుని వెళ్లాడు. చప్పుడు అలాగే ఉంది. కొత్త టైల్స్ రంగు మాత్రం పాతవాటితో ఇప్పటికీ కలవలేదు.

తప్పంతా ఆయన మీదే వేయలేను. మా వైపు ఒడియా మేస్త్రి అయినా, తెలుగు మేస్త్రి అయినా, పైపులో ఏ శబ్దం వచ్చినా "గాలి పట్టింది" అనేస్తారు. ఆ తర్వాత నేను ఒక్కొక్కటీ విప్పి, బిగించి, కొన్ని పాడుచేసి తెలుసుకున్నదేమిటంటే, ఇంటి పైపుల్లో చప్పుడుకి కనీసం అరడజను కారణాలుంటాయి. వాటిలో గాలి ఒకటి. ఏది ఏదో తేల్చడానికి "ఎక్కడ" అని వెతికితే లాభం లేదు. పైపు ఒకచోట కొట్టిన దెబ్బని ఇంకో చోట వినిపిస్తుంది. "ఎప్పుడు" అని అడగాలి.

అసలు దెబ్బ ఎక్కడి నుంచి వస్తుంది

ట్యాంకు నుంచి కొళాయి దాకా 20 మీటర్ల ముప్పావు అంగుళం పైపు ఉందనుకోండి. అందులో ఐదారు కిలోల నీళ్లుంటాయి. కొళాయి విప్పితే ఆ ఐదారు కిలోలూ ఒక కడ్డీలా కదులుతాయి. టక్కున కట్టేస్తే కడ్డీ ఆగాలి, కానీ నీరు నొక్కుకుపోయే వస్తువు కాదు. ఆ ఊపంతా ఒత్తిడిగా మారి పైపులో వెనక్కి పరిగెత్తుతుంది, అటు చివర తగిలి మళ్లీ వస్తుంది. దీన్నే వాటర్ హ్యామర్ అంటారు. మాస్కో నీటి పైపుల మీద పరీక్షలు చేసిన జుకోవ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త 1898లోనే దీనికి లెక్క కట్టాడు. ఆ లెక్క ప్రకారం సెకనుకి ఒక మీటరు వేగంతో పోయే నీటిని ఒక్కసారిగా ఆపితే, పాత జీఐ పైపులో 13, 14 కేజీల అదనపు ఒత్తిడి పుడుతుంది (మేస్త్రీలు కేజీ అనేది చదరపు సెంటీమీటరుకి కిలో అని). సీపీవీసీ లాంటి ప్లాస్టిక్ పైపు కాస్త సాగుతుంది కాబట్టి అందులో ఐదు కేజీల వరకు. అందుకే పాత ఇనప పైపుల ఇళ్లలో మోత ఎక్కువ.

ఇదే దెబ్బని పనిలో పెట్టి కరెంటు లేకుండా వాగు నీళ్లని ఎత్తుకి తోసే హైడ్రాలిక్ ర్యామ్ అనే యంత్రం కూడా ఉంది. వేడిగాలి బెలూన్ ఎగరేసిన అన్నదమ్ముల్లో ఒకడైన జోసెఫ్ మోంగోల్ఫియే 1796లో దాన్ని తయారుచేశాడు. మన గోడలో మాత్రం ఆ దెబ్బకి చేయడానికి పనేమీ లేదు, జాయింట్లు వదులు చేయడం తప్ప.

ఇక్కడ ఒక లెక్క గుర్తుపెట్టుకోండి. పది మీటర్ల ఎత్తు నీరు అంటే సుమారు ఒక కేజీ. ఒక అంతస్తు డాబా మీద ట్యాంకు ఉంటే కింద కొళాయి దగ్గర ఒత్తిడి 0.3, 0.4 కేజీలకి మించదు. ప్రెషర్ పంపు లేని అలాంటి ఇంట్లో కొళాయి కట్టినప్పుడు పెద్ద దెబ్బ వినిపిస్తే, నేనైతే వాటర్ హ్యామర్ కంటే ముందు ఊడిన క్లాంపునో, అరిగిన కొళాయినో అనుమానిస్తాను. పంపు ఉన్న ఇంట్లో లెక్క వేరు.

మూడు రోజులు కాగితం మీద రాయండి

వంటింట్లో గోడకి ఒక కాగితం అంటించండి. చప్పుడు విన్నవాళ్లు టైము రాయాలి, అప్పుడు ఏం జరుగుతోందో రాయాలి, ఒక్క దెబ్బా వరస దెబ్బలా అన్నదీ రాయాలి. ఇంట్లో అందరూ రాయాలి. మా ఇంట్లో అసలు సంగతి పట్టిచ్చింది మా అత్తగారు. "మోటారు ఆగాక ఒకటి, మిషను తిరిగేటప్పుడు మూడు నాలుగు" అని ఆవిడే చెప్పారు. అప్పటిదాకా నాకు అవి రెండు వేర్వేరు జబ్బులని తట్టనే లేదు.

కాగితం చూస్తే సాధారణంగా ఇలా తేలుతుంది. కొళాయి కట్టిన క్షణంలో, లేదా వాషింగ్ మెషీన్ నీళ్లు ఆపిన క్షణంలో వస్తే అది వాటర్ హ్యామర్. మోటారు ఆగినప్పుడో మొదలైనప్పుడో వస్తే ఎన్‌ఆర్‌వీ, అంటే నీటిని వెనక్కి రానివ్వని వాల్వు. నీళ్లు పోతున్నంతసేపూ డుర్ర్ మని మోగితే అరిగిన కొళాయి, లేదా ట్యాంకులో ఎగిరే బాల్ కాక్, అంటే ట్యాంకు నిండగానే నీళ్లు ఆపే బంతి వాల్వు. ముందు గుడగుడమని, నీరు ఆగి ఆగి చిమ్మితే అప్పుడు నిజంగా గాలి. ఎవరూ ఏమీ విప్పకుండానే మధ్యాహ్నం, సాయంత్రం టిక్ టిక్ మంటే వేడికి పైపు సాగడం. రాత్రి కొన్ని నిమిషాలకోసారి టక్ మంటే ప్రెషర్ పంపు.

తర్వాత రెండు పరీక్షలు చేయండి, ఖర్చు ఏమీ ఉండదు. మొదటిది, అనుమానం ఉన్న కొళాయిని నిండా విప్పి, మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా కట్టండి. చప్పుడు రాకపోతే అది చాలావరకు వాటర్ హ్యామరే. రెండోది, ట్యాంకు కింద గేట్ వాల్వుని సగం మూసి, మళ్లీ ఎప్పటిలా వాడి చూడండి. నీటి వేగం తగ్గితే దెబ్బ కూడా తగ్గాలి. తగ్గకపోతే పైపు ఎక్కడో గోడకి కొట్టుకుంటోందేమో చూడాలి. బయట కనిపించే పైపులున్నచోట చేత్తో గట్టిగా పట్టుకుని, ఇంకొకరిని కొళాయి కట్టమనండి. పట్టుకున్నప్పుడు మోత మారితే ఆ దగ్గర్లోనే క్లాంపు లేదని అర్థం.

కొళాయి, వాషింగ్ మెషీన్ దగ్గర దెబ్బ

దీని గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే కొత్త ఇళ్లలో ఎక్కువగా వచ్చేది ఇదే. వాషింగ్ మెషీన్ లోపల కరెంటుతో పనిచేసే సోలెనాయిడ్ వాల్వు ఉంటుంది. మనం నెమ్మదిగా కట్టమన్నా అది వినదు, రెప్పపాటులో మూసేస్తుంది. 

మొదట వేగం తగ్గించండి. మెషీన్ కొళాయిని నిండా విప్పకుండా సగం విప్పి వాడండి. టబ్బు నిండడానికి కాస్త ఎక్కువసేపు పడుతుంది, అంతే. మరీ తగ్గిస్తే కొన్ని మెషీన్లు నీళ్లు రావడం లేదని ఎర్రర్ చూపించి ఆగిపోతాయి. ఎర్రర్ రాని చోటికి విప్పి వదిలేయండి. ప్రెషర్ పంపుకి ఒత్తిడి తగ్గించే వీలుంటే అది కూడా చూడండి. రెండంతస్తుల ఇంటికి ఒకటిన్నర, రెండు కేజీలు చాలు. మూడు పెట్టి షవరు జోరుగా వస్తోందని మురిసిపోవడం, తర్వాత గోడ మోగుతోందని ఏడవడం నేను చేసిన పనే.

ఇంతటితో తగ్గితే ఇక్కడే ఆగిపోవచ్చు. చాలా ఇళ్లలో తగ్గిపోతుంది కూడా.

తగ్గకపోతే నీటి దెబ్బకి ఒక దిండు కావాలి. రెండు దారులున్నాయి. ఒకటి కొనే దారి. వాటర్ హ్యామర్ అరెస్టర్ అని అడగాలి. చిన్న గొట్టం, లోపల పిస్టన్, దాని వెనక బంధించిన గాలి. దెబ్బ వచ్చినప్పుడు పిస్టన్ వెనక్కి నొక్కుకుని దాన్ని మింగేస్తుంది. మెషీన్ కొళాయికీ గొట్టానికీ మధ్య మరతో బిగించేవి దొరుకుతాయి. వాటికి ఏ కోతా అక్కర్లేదు. మా ఊళ్లోనూ, పక్కనే పాతపట్నంలోనూ రెండు మూడు హార్డ్‌వేర్ షాపుల్లో అడిగితే "అదేంటండీ" అన్నారు. బరంపురంలోనో, ఆన్‌లైన్‌లోనో తెప్పించుకోవాలి. మర కొలత చూసుకోండి. అర అంగుళం కొళాయికి ముప్పావు అంగుళంది తెచ్చి నేను ఒకసారి వెనక్కి పంపాను. దీన్ని మెషీన్‌కి ఎంత దగ్గరగా పెడితే అంత పనిచేస్తుంది, దూరం పెరిగేకొద్దీ లాభం తగ్గిపోతుంది.

రెండోది చేసుకునే దారి. దీన్ని గాలి గది అనండి, ఎయిర్ చాంబర్ అనండి. నిలువుగా పైకి నిలబెట్టి, పైన మూసిన పైపు ముక్క. అందులో చిక్కిన గాలే దిండు. చూశారా, చప్పుడుకి కారణమని మేస్త్రి చెప్పిన ఆ గాలినే మనం కావాలని పైపుకి తగిలిస్తున్నాం. గోడ ముట్టకుండా ఇలా చేయవచ్చు.

ట్యాంకు గేట్ వాల్వు కట్టేయండి, ప్రెషర్ పంపు స్విచ్ ఆపండి, గీజర్ ఉంటే దాని ఎంసీబీ కూడా దించండి. నీళ్లు లేని గీజర్ వేడెక్కితే కాయిల్ కాలిపోతుంది. అన్నిటికంటే కిందున్న కొళాయి విప్పి లైను ఖాళీ చేయండి.

వాషింగ్ మెషీన్ కొళాయిని గోడలోంచి విప్పండి. పాతదైతే పక్కన ఇంకో స్పానరుతో లోపలి మరని ఆపి పట్టుకోండి, లేకపోతే గోడలోని ప్లాస్టిక్ జాయింటు తిరిగి పగులుతుంది. అప్పుడు నిజంగానే టైల్స్ పగలగొట్టాలి.

ఆ స్థానంలో అర అంగుళం ఇత్తడి నిపుల్ (రెండు చివరలా మర ఉన్న గొట్టం ముక్క), దానికి మూడు చేతుల ఇత్తడి టీ బిగించండి. టీ ముందు చేతికి మళ్లీ కొళాయి. పైకి చూసే చేతికి అర అంగుళం నుంచి ఒక అంగుళానికి పెంచే ముక్క వేసి, దాని మీద ఒక అంగుళం సీపీవీసీ పైపు నిలువుగా నిలబెట్టండి. 45 నుంచి 60 సెంటీమీటర్ల పొడవు ఉంటే మంచిది. మరల మీద టెఫ్లాన్ టేపు మర తిరిగే వైపే పది పన్నెండు చుట్లు చుట్టండి.

పైన మామూలు ఎండ్ క్యాప్ అంటించేయకండి, అందరూ చేసే పొరపాటు ఇదే. మర ఉన్న జాయింటు అంటించి, దానికి విప్పదీసే ప్లగ్గు పెట్టండి. ఎందుకో కింద చెబుతాను.

సీపీవీసీకి సీపీవీసీ సొల్యూషనే వాడాలి, యూపీవీసీ డబ్బా మిగిలింది కదా అని అది పూయకండి. పైపు నిటారుగా కోసి, అంచుల్లో గరుకు గీకేసి, రెండు వైపులా పలచగా పూసి, దూర్చి పావు వంతు తిప్పి అర నిమిషం పట్టుకోండి. రాత్రంతా వదిలేసి పొద్దున నీళ్లు విప్పండి. తొందర పడితే అదే రోజు మళ్లీ కోయాలి. పైపుని గోడకి రెండు క్లాంపులతో కట్టేయండి, లేకపోతే గాలి గది తానే ఊగి కొత్త చప్పుడు పెడుతుంది.

ఇప్పుడు ప్లగ్గు సంగతి. గాలి గదిలోని గాలి కొన్ని నెలల్లో నీళ్లలో కరిగిపోతుంది. గది నీటితో నిండిపోతుంది, దిండు రాయవుతుంది, ఢాం మళ్లీ మొదలవుతుంది. "పని చేయించాను, ఆరు నెలలు బాగుంది, మళ్లీ వచ్చింది" అని ఎవరైనా అంటే కారణం ఎక్కువసార్లు ఇదే. అప్పుడు గేట్ వాల్వు కట్టి, కింది కొళాయి విప్పి, పైన ప్లగ్గు తీస్తే నీళ్లు జారిపోయి గాలి నిండుతుంది. ప్లగ్గుకి కొత్త టేపు చుట్టి బిగించి, గేట్ వాల్వు మెల్లగా విప్పాలి. పది నిమిషాల పని. ప్లగ్గు చుట్టూ సబ్బు నీళ్లు రాసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. గాలి కారితే నీరు కారినట్టు కంటికి కనిపించదు.

వేడి నీళ్ల లైనులో ఈ దెబ్బని అశ్రద్ధ చేయకండి. ఎస్‌డీఆర్ 11 రకం (పైపు వెడల్పు దాని గోడ మందానికి 11 రెట్లు) సీపీవీసీ పైపు మామూలు ఉష్ణోగ్రతలో 28 కేజీలు తట్టుకుంటుంది, అదే 82 డిగ్రీల దగ్గర 7 కేజీలే. దెబ్బ అదే, తట్టుకునే శక్తి నాలుగో వంతు.

కొళాయి మోగడం

కొళాయి సగం విప్పినప్పుడు డుర్ర్ మనో, హూ మనో మోగి, నిండా విప్పితే ఆగిపోతోందా? పాత తిప్పుడు కొళాయైతే లోపలి వాషరు వదులై కొట్టుకుంటోంది. వాషరు మార్చితే పోతుంది. పాత ఇత్తడి గేట్ వాల్వులో బిళ్ల అరిగిపోయి ఊగినా ఇదే మోత. దాన్ని తీసేసి బాల్ వాల్వు వేసుకోండి, కాకపోతే బాల్ వాల్వుని టక్కున మూసే అలవాటు ఇంట్లో ఎవరికీ రానివ్వకండి.

మోటారు ఆగగానే ఒక్క దెబ్బ

బోరు మోటారు నడుస్తున్నప్పుడు డాబా దాకా నీటి స్తంభం ఒకటి పైకి పోతూ ఉంటుంది. మోటారు ఆగగానే అది పైకి పోవడం మాని కిందికి పడబోతుంది. ఎన్‌ఆర్‌వీ మూసుకుని ఆపుతుంది. రెక్క తలుపులా ఊగే రకం ఎన్‌ఆర్‌వీ బద్ధకంగా మూసుకుంటుంది. అది మూసుకునేలోపు నీరు వెనక్కి వేగం పుంజుకుంటుంది, తలుపు ధన్ మని పడుతుంది. ఇల్లంతా వినిపించేది ఆ ధన్.

దీనికి మందు స్ప్రింగు ఎన్‌ఆర్‌వీ. నీరు నెమ్మదించగానే, వెనక్కి తిరగక ముందే స్ప్రింగు దాన్ని మూసేస్తుంది. మార్చేటప్పుడు మెయిన్ ఆపండి, స్టార్టర్ దగ్గర ఎవరూ వేయకుండా ఒక మనిషిని పెట్టండి. మా ఇంట్లో కరెంటు పోయి వచ్చినప్పుడు ఆటో స్టార్టర్ దానంతట అదే మోటారు వేసింది, నేను పైపు చివర చేతిలో పట్టుకుని ఉన్నాను. పెద్ద ప్రమాదమేమీ కాలేదు, తల నుంచి కాళ్ల దాకా తడిశాను. వాల్వు మీద బాణం గుర్తు నీరు పోయే వైపు ఉండాలి. అటూ ఇటూ యూనియన్ జాయింటు వేయించుకుంటే ఈసారి మార్చడానికి పైపు కోయక్కర్లేదు.

మోటారు మొదలైన ఒకటి రెండు సెకన్లకి దెబ్బ వస్తే కథ వేరు. సబ్‌మెర్సిబుల్ పంపుకి లోపల ఒక ఎన్‌ఆర్‌వీ ఉంటుంది, బోరు పైన ఇంకొకటి వేస్తారు. కిందిది కారుతుంటే, మోటారు ఆగి ఉన్నంతసేపూ రెండింటి మధ్య నీరు మెల్లగా బోరులోకి జారిపోతుంది. పైదేమో గట్టిగా మూసి ఉంటుంది కాబట్టి మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది. మోటారు వేయగానే నీరు ఆ ఖాళీలో అడ్డూ ఆపూ లేకుండా దూసుకొచ్చి పై వాల్వుని గుద్దుతుంది. మందు కింద ఉంది, కాబట్టి పంపు పైకి తీయాలి. ఒక్క చప్పుడు కోసం ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను. ఎలాగూ మోటారు తీసే రోజు వస్తుంది, ఆ రోజు మాత్రం మరిచిపోకుండా మార్పించండి.

డాబా మీదికి పోయే పైపు బయటి గోడ మీద ఉంటే, పిట్టగోడ దగ్గర వంపుని ఒకసారి ఊపి చూడండి. అక్కడ క్లాంపు ఊడిపోయి ఉండడం చాలా మామూలు, మోటారు వేసినప్పుడల్లా పైపు గోడని కొడుతుంది.

ట్యాంకు నిండేటప్పుడు డబడబ

మున్సిపల్ లైను సంపులోకో, ట్యాంకులోకో బాల్ కాక్ ద్వారా వస్తుంటే, నిండబోయే సమయంలో ఈ మోత మొదలవుతుంది. పడే నీటికి అలలు లేస్తాయి, అలల మీద బంతి ఎగురుతుంది, ఎగిరినప్పుడల్లా వాల్వు మూసి తెరుస్తుంది. ప్రతి మూతా ఒక చిన్న దెబ్బే. ముందు బయటి వాల్వు కొంచెం కట్టి నీటి జోరు తగ్గించండి. అదీ చాలకపోతే పాత ప్లాస్టిక్ డబ్బాకి చిల్లులు పెట్టి, బంతి కడ్డీకి స్టీలు తీగతో నీళ్లలో మునిగేలా వేలాడదీయండి. నీళ్లలో మునిగిన డబ్బా కడ్డీని గబగబా ఎగరనివ్వదు. చూడ్డానికి బాగోదు కానీ ట్యాంకులో ఎవరు చూస్తారు.

నిజంగా గాలే అయితే

ట్యాంకు అడుగంటినా, మున్సిపల్ నీళ్లు వచ్చి ఆగి వచ్చే లైనులోనూ గాలి చేరుతుంది. కొళాయి గుడగుడమని దగ్గి, నీళ్లు తుంపులు తుంపులుగా వస్తాయి. ఒకసారి అన్ని కొళాయిలూ విప్పి, గేట్ వాల్వు కొద్దిగా తెరిచి, కింది కొళాయితో మొదలుపెట్టి నీళ్లు సమంగా రాగానే ఒక్కొక్కటీ కట్టుకుంటూ పైకి రండి. చాలావరకు పోతుంది.

ప్రతి వారం వస్తుంటే డాబా మీద పైపు దారి చూడండి. ట్యాంకులోంచి వచ్చిన పైపు పిట్టగోడ ఎక్కి దిగుతోందా? ఆ మూపు మీదే గాలి చిక్కుకుంటుంది. పైపుని గోడకి చిల్లు పెట్టి కిందినుంచి తిప్పాలి, లేదా ఆ ఎత్తైన చోట టీ వేసి గాలి పైపు నిలబెట్టాలి. గాలి పైపు పై చివర ట్యాంకు మూత కంటే కనీసం ఒక అడుగు ఎత్తులో ఉండాలి, లేకపోతే ట్యాంకు నిండినప్పుడు అందులోంచి నీళ్లు పొంగుతాయి. చివర కిందికి వంచి దోమల వల కట్టండి. ఒక జాగ్రత్త: ఈ గాలి పైపు ట్యాంకు నుంచి నేరుగా దిగే లైనుకే. ప్రెషర్ పంపు దాటిన లైనుకి పెడితే అది ఫౌంటెన్ అవుతుంది.

ఎండకీ, గీజర్‌కీ

సీపీవీసీ పది మీటర్ల పైపు 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు రెండు సెంటీమీటర్లు పొడుగవుతుంది. డాబా మీద వైశాఖం ఎండకి, రాయగడ, కోరాపుట్ వైపు చలికాలం పొద్దున్నే గీజర్ వేసినప్పుడు, పైపు సాగుతూ క్లాంపుని, గోడ చిల్లుని రాసుకుంటుంది. అదే టిక్ టిక్. క్లాంపు పైపుని పట్టుకోవాలి కానీ పీక పిసకకూడదు. ఒక అంగుళం లోపు పైపుకి మూడడుగులకి ఒకటి చొప్పున వేసి, పైపు పొడవునా జారేంత వదులుంచండి. ఎల్బోని (వంపు జాయింటుని) గోడకి ఆనించి కట్టేయకండి, దానికి కదలడానికి చోటు కావాలి. గోడలోంచి దూరేచోట కాస్త పెద్ద పైపు ముక్క తొడుగులా వేయండి.

పాత సైకిల్ ట్యూబు ముక్క క్లాంపు కింద పెట్టడం మన వైపు అందరికీ తెలిసిన చిట్కా. జీఐ పైపుకి బ్రహ్మాండం. సీపీవీసీకి మాత్రం వద్దు. మెత్తటి రబ్బరు, మెత్తటి పీవీసీ, నూనెల్లో ఉండే కొన్ని రసాయనాలు ఆ పైపుని మెల్లగా పగులగొడతాయి. దానికి పైపు కంపెనీ ప్లాస్టిక్ క్లాంపులే కొనండి.

గీజర్ లోపలే కెటిల్ కాగినట్టు గుర్ర్ మంటే అది పైపు కాదు, కాయిల్ మీద సున్నం పేరుకుంది. బోరు నీళ్ల ఇళ్లలో తప్పదు, సర్వీసు చేయించాలి.

రాత్రి ఎవరూ వాడకుండానే టక్

ప్రెషర్ పంపు తనంతట తాను వేసి ఆగుతోంది. ఎక్కడో ఒక చుక్క కారుతోంది, ఎక్కువగా ఫ్లష్ ట్యాంకులో. ఫ్లష్ ట్యాంకులో నాలుగు చుక్కల సిరా పోయండి. అరగంటకి కమోడులోకి రంగు దిగితే దొంగ దొరికినట్టే.

పంపుకి గుండ్రటి చిన్న ప్రెషర్ ట్యాంకు ఉంటే దాని గాలి కూడా చూడండి. పంపు ఆపి, కొళాయి విప్పి ఒత్తిడంతా పోనివ్వండి. ట్యాంకు మీద సైకిల్ వాల్వు లాంటిది ఉంటుంది, కారు టైరు గేజీ సరిపోతుంది. పంపు మొదలయ్యే ఒత్తిడి కంటే రెండు పీఎస్‌ఐ తక్కువ ఉండాలి. గాలి పోతే టైరు పంపుతో కొట్టుకోవచ్చు. పిన్ను నొక్కితే గాలికి బదులు నీళ్లు వస్తే లోపలి రబ్బరు తిత్తి చిరిగింది, గాలి కొట్టి లాభం లేదు.

కొండ ఊట నుంచి పైపు దించుకున్న ఊళ్లలో ఇవన్నీ దాటిన సమస్య ఒకటుంది. ఊట 40 మీటర్ల ఎత్తులో ఉంటే ఇంటి కొళాయి కట్టి ఉన్నప్పుడు నాలుగు కేజీల ఒత్తిడి నిలబడుతుంది. అక్కడ ఇంటి మొదట్లో ఒత్తిడి తగ్గించే ప్రెషర్ రెడ్యూసింగ్ వాల్వు వేయాలి. లేదా లైను నేరుగా కొళాయికి ఇవ్వకుండా ట్యాంకులో పోసుకుని అక్కడి నుంచి వాడాలి. రెండోదానికే నా ఓటు, చెడిపోయేది ఏమీ ఉండదు.

ఇవన్నీ చేశాక కూడా గోడ లోపలే కొట్టుకుంటోందంటే, అప్పుడు గాడిలో పైపు వదులుగా ఉంది, ఆ ఒక్కచోట తెరిచి సరిగా పూడ్పించాలి. తెరవక ముందు పొడవాటి స్క్రూడ్రైవర్ మొన గోడకి, పిడి చెవి వెనక ఎముకకి ఆనించి, ఇంకొకరితో కొళాయి కట్టించుకుంటూ అడుగడుగునా వినండి. ఎక్కువ మోగిన చోట పెన్సిలుతో ఇంటూ గుర్తు పెట్టండి. మేస్త్రికి ఆ గుర్తు, ఆ మూడు రోజుల కాగితం రెండూ చూపించండి. కొట్టుకునే చప్పుడు కాకుండా గోడ చెమర్చడం, మీటరు ఎవరూ వాడకుండా తిరగడం, గీజర్ సేఫ్టీ వాల్వు ఆగకుండా కారడం కనిపిస్తే మాత్రం ఈ ప్రయోగాలేమీ వద్దు, అదే రోజు పిలవండి.

మా ఇంట్లో చివరికి పని చేసినవి ఇవీ: పంపు ఒత్తిడి తగ్గించడం, మెషీన్ దగ్గర గాలి గది, బోరుకి స్ప్రింగు ఎన్‌ఆర్‌వీ. గాలి గది ప్లగ్గు ఎప్పుడు విప్పి బిగించానో దాని పక్కన గోడ మీద పెన్సిలుతో తారీఖు రాసి పెడతాను. ఇప్పటికి మూడు తారీఖులున్నాయి.